ఎర్రల్ని తొట్టెలో పెంచండి, తోటలో పొయ్యకండి



మా మామిడికుదురు వైపు దింపు అయ్యాక ఏ తోటలోకెళ్లినా కొబ్బరి మట్టలే. కొన్ని పొయ్యిలోకి, కొన్ని దడికి పోగా మిగిలినవి గట్టు మీద తగలబెడతాం. మళ్లీ వర్మీకంపోస్టు బస్తాలు కొనుక్కొస్తాం! కొంతమందైతే ఎర్రల్నే (వానపాముల్నే) కిలోల లెక్కన కొని కొబ్బరి పాదుల్లో పోస్తున్నారు. అది డబ్బు దండగ అని నా అభిప్రాయం.

అమ్మకానికి దొరికే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే కుళ్లే చెత్తలో పైపైన బతికేవి. లోతుగా బొరియలు చేసి నేలను గుల్ల చెయ్యడం వాటి పని కాదు. చెత్త లేని ఉత్త మట్టిలో పోస్తే తిండి లేక పోతాయి, లేదా కొంగలకి విందు. పొలం ఎర్రలు వేరు. వాటిని కొనక్కర్లేదు. మట్టలు, ఆకులు ఆచ్ఛాదనగా పరిచి, తడి ఆరకుండా చూసి, మందులు ఆపితే అవే పైకొస్తాయి.

అలాగని పాలేకర్ గారు వద్దన్నారు కాబట్టి ఇంట్లో కూడా పెంచకూడదంటే మాత్రం నేనొప్పుకోను. విదేశీ పురుగు, భార లోహాలు పోగేస్తుంది అనేది ఆయన అభ్యంతరం. లోహాలు తిండిలో ఉంటేనే కదండీ ఎర్రలోకి వచ్చేది! పట్టణం చెత్త వాడేవాళ్లు భయపడాల్సిందే. మన పేడ, కొబ్బరాకు, కూరగాయ తొక్కలకి అంత భయం దేనికి?

విదేశీది వద్దనుకుంటే పాత పెంటకుప్ప అడుగున తడిలో వెతకండి. వీపు ముదురు ఊదా, వెలుతురు పడితే నీలంగా మెరుపు, ముట్టుకుంటే చటుక్కున జారిపోతుంది. అలాంటిది దొరికితే పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అయ్యుండొచ్చు. మన ఆసియా ఎర్రే. ఒకటే తంటా, వానరాత్రి మూకుమ్మడిగా తొట్టె దాటేస్తుంది. పైన గుడ్డ గట్టిగా కట్టాలి.

కొబ్బరాకుతో ఎరువు అవుతుందా అని చాలామందికి అనుమానం. కాసరగోడ్‌లోని సీపీసీఆర్ఐ ఎప్పుడో చేసి చూపించింది. 10 పాళ్లు ఆకుకి 1 పాలు పేడ. మట్ట గట్టి భాగం తీసేసి, ఆకు ముక్కలు చేసి, పేడనీళ్లు చల్లి రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. మగ్గకుండా ఎర్రలు వదిలితే ఆ వేడికి చచ్చిపోతాయి. తర్వాత రెండున్నర, మూడు నెలల్లో ఎరువు. కొబ్బరి పొట్టు మాత్రం కింద పరుపుకే, తిండిగా లెక్కెయ్యకండి.

తొట్టె ఎలా కట్టాలో వీడియోలో ఉంది. అడుగున చిల్లులు ఉండాలి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. వైనతేయ వరదొచ్చే లంకల్లో నేలలో గుంట తియ్యొద్దు, అరుగు మీదే పెట్టండి. ఉప్పు, పచ్చళ్లు, చేప వ్యర్థాలు వెయ్యొద్దు (పులస అయినా సరే).

ఇంటి తొట్టె ఎరువు తోటంతటికీ చాలదు. కొబ్బరి నారుకి, పెరట్లో ఆనప పాదుకి చాలు. తోటకి మాత్రం ఆ తగలబెట్టే మట్టలే పరవండి.