తాటిచెట్టుకి గొట్టం పెడితే?

కెనడాలో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఓ ఫొటో పంపాడు. మంచులో చెట్లు, వాటి నడుమ అల్లిబిల్లిగా ప్లాస్టిక్ గొట్టాలు. అడవి మొత్తానికీ సెలైన్ పెట్టినట్టుంది! వెనకే ఫోన్. ‘‘మావయ్యా, ఇలా మేపుల్ చెట్ల రసం తీస్తారు. మన మూలపేట తాటిచెట్లకీ పెడితే ఎవరూ చెట్టెక్కక్కర్లేదు కదా?’’

ఆశ మంచిదే. చెట్టు మీంచి పడి నడుం విరిగిన గీత కార్మికుణ్ని చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది.

ముందు వాళ్ల ఏర్పాటు చూద్దాం. చలికాలం చివర్లో రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటే మేపుల్ మానులో ఒత్తిడి పుట్టి రసం కారుతుంది. నేల మీద నిలబడే మానుకి చిన్న రంధ్రం చేసి, ఓ బుల్లి గొట్టం బిగిస్తారు. చెట్టు నుంచి చెట్టుకి సన్నగొట్టాలు, అవన్నీ కలిసే పెద్దగొట్టం. దాన్ని తీగకి కట్టి, ఎక్కడా జోలిలా వేలాడకుండా పల్లానికి వాలుగా లాగుతారు. కింద షెడ్డులో వాక్యూమ్ పంపు. అది గొట్టాల్లో గాలిని లాగేస్తుంటే రసం ఇంకా ఎక్కువ దిగుతుంది. ఎక్కడ చిల్లి పడ్డా పంపు పట్టు తగ్గిపోతుంది. ఉడుతలు కొరికిన గొట్టాల్ని వెతుక్కుంటూ రైతు అడవంతా తిరగాల్సిందే. ఇంతా చేస్తే సుమారు 40 లీటర్ల రసం కాచితే లీటరు పాకం!

మన తాటిచెట్టు దారి వేరు. దాని తీపి మానులో రంధ్రం చేస్తే రాదు. తలమీద, గెల చివర్న ఉంటుంది. గెలని కట్టి, నొక్కి, కొసని పల్చగా చెక్కితే బొట్టుబొట్టుగా కారుతుంది. కాసేపటికి ఆ గాయం మూసుకుపోతుంది. అందుకే పొద్దునా సాయంత్రం ఎక్కి మళ్లీ చెక్కాలి. పంపు లాగగలదు కానీ చెక్కలేదు కదా!

పైగా మన ఎండకి రసం ఇట్టే పులుస్తుంది. నీరా కావాలంటే ముంతలో సున్నం పూయాలి. ఉద్దానం కొబ్బరికైతే కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ మంచుగడ్డలు పెట్టే పెట్టె ఒకటి తయారుచేసింది. గెలకి తగిలిస్తే రసం చల్లగా, పులియకుండా ఉంటుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో కొబ్బరితోటల్ని కూల్చేశాక, కాయ మీదే కాకుండా రసం మీదా నాలుగు రూపాయలు వస్తే రైతుకి ఊరటే. అయితే ఆ పెట్టె తగిలించడానికీ మనిషి ఎక్కాల్సిందే.

మేనల్లుడికి అదే చెప్పాను. ‘‘అయితే ఏం చేద్దాం మావయ్యా?’’ అన్నాడు.

రసం లాగే యంత్రం కుదరనప్పుడు మనిషిని పట్టి ఉంచే సాధనమైనా ఉండాలి. తెలంగాణలో 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కాలు జారినా కింద పడకుండా ఆపే తాళ్లూ బెల్టులూ అవి. మా తీరంలో చెట్టెక్కే ప్రతివాడి నడుముకీ అలాంటిది ఉండాలి.

ఈసారి వచ్చేటప్పుడు మేపుల్ పాకం సీసా తెస్తానన్నాడు. తెమ్మన్నాను. నేనూ తాటిబెల్లం కట్టిస్తాను. తినేముందు, రోజుకి రెండుసార్లు ఎక్కిదిగిన ఆ కాళ్లని ఓసారి తలచుకుంటే చాలు.