మర కూడా మందుగుండేనా?

ఢిల్లీలో కూర్చుని చట్టాలను గురించి వ్రాసేవారు అప్పుడప్పుడు ఆ చట్టాలు మనుషులకు ఎక్కడ తగులుతున్నాయో వెళ్ళి చూడడం మంచిది. ఇటీవల బాగ్‌బేరా వెళ్ళినప్పుడు నాకు అటువంటి అవకాశం కలిగింది.

బాగ్‌బేరా అంటే టాటానగర్ రైల్వే స్టేషను పక్కనే ఉన్న బస్తీలు, కాలనీలు, రైల్వే క్వార్టర్లు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారానికీ, రైల్వేకూ పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ పరిసరాలలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. మా అక్కగారిది అటువంటి సంసారమే. బావగారు రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి విరమించారు. మేనల్లుడు ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజులలో పిస్తోలు గురి సాధన చేస్తుంటాడు. లైసెన్సు పుచ్చుకున్న పాయింట్ 32 పిస్తోలు ఉన్నది. పోటీలలో పాల్గొంటాడు.

రాత్రి భోజనాలు అయిన తరువాత అతను తన ఫోనులో ఒక యంత్రం బొమ్మ చూపించాడు.

"మావయ్యా, మీరు పార్లమెంటు చూసేవారు. ఇది తెప్పించుకుంటే తప్పంటారా?"

అది తూటాలను తిరిగి నింపే యంత్రం. 'ప్రోగ్రెసివ్ ప్రెస్' అంటారట. ప్రోగ్రెసివ్ అనగానే నా ఈడువారికి అభ్యుదయ రచయితలు గుర్తుకు వస్తారు. ఇక్కడ దాని అర్థం వేరు. పేల్చిన తూటాల ఇత్తడి డొక్కలను ఒక గుండ్రని పళ్ళెంలో నిలబెడతారు. పిడి ఒక్కొక్కసారి లాగినప్పుడు ఆ పళ్ళెం ఒక్కొక్క మెట్టు తిరుగుతుంది. ఒక మెట్టులో కాలిన ప్రైమరు ఊడి, డొక్క తిరిగి కొలతకు వస్తుంది; కొత్త ప్రైమరు కూర్చుంటుంది. తరువాతి మెట్టులో మందు పడుతుంది. ఆ తరువాత సీసపు గుండు కూర్చుని, అంచు బిగుసుకుంటుంది. అన్ని మెట్లలోనూ పని ఏకకాలంలో జరుగుతుంది గనుక పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారై పడుతుంది. గంటకు 400 పైచిలుకు చేయవచ్చునని తయారీదారులు చెబుతారు.

డాలస్‌లో ఉన్న దూరపు అన్నయ్య ఒకడు తన గ్యారేజీలో అటువంటి మర పెట్టుకున్నాడట. విడదీసి రెండు పెట్టెలలో సర్ది, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నాడట. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి చేస్తేనే కావాలి. కనుక డాలస్‌వాసికి అది వడ్రంగి సామాను వంటిది. ఆ సామానే విమానం దిగి మన దేశంలో అడుగుపెడితే ఏమవుతుంది?

ఢిల్లీ తిరిగి వచ్చి 1959 నాటి ఆయుధాల చట్టాన్ని బయటకు తీశాను. రెండవ సెక్షనులో మందుగుండుకు నిర్వచనం ఉన్నది. బాంబులు, గ్రెనేడ్లు, రాకెట్లతో మొదలైన ఆ జాబితాలో ముందుకు వెళితే 'మందుగుండు భాగాలు, మందుగుండు తయారుచేసే యంత్రసామగ్రి' అన్న మాటలు కనబడతాయి. అంటే, లోపల చిటికెడు మందు లేకపోయినా, తయారుచేసే మర చట్టం దృష్టిలో మందుగుండే. దాన్ని విదేశం నుంచి తెచ్చుకోవడానికి లైసెన్సు కావాలి. దానితో తూటా చేయడానికి అయిదవ సెక్షను క్రింద లైసెన్సు కావాలి. పిస్తోలు పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్సు తూటా తయారీకి చెల్లదు. ఇక మందు, ప్రైమర్ల విషయంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని క్రింద 2008లో చేసిన నిబంధనలు వేరుగా ఉన్నాయి.

శిక్ష మాట కూడా చెప్పాలి. లైసెన్సు లేకుండా ఆయుధంగాని, మందుగుండుగాని తయారుచేస్తే పూర్వం మూడు నుంచి ఏడేళ్ళ జైలు ఉండేది. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో అది కనీసం ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం అయింది. దేశమంతా పౌరసత్వ సవరణ బిల్లు వైపు చూస్తున్న వారంలోనే ఈ బిల్లూ ఉభయసభలను దాటింది. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి ఒకటికి తగ్గించాలన్న మొదటి ప్రతిపాదన చివరకు రెండు దగ్గర ఆగింది. పత్రికలలో చర్చ కూడా ఎక్కువగా ఆ సంఖ్య మీదనే నడిచింది. తయారీకి శిక్ష పెంచడాన్ని తప్పు పట్టలేము. ముంగేరు మొదలుకొని జార్ఖండు వరకు దొంగ తుపాకుల చిన్న కార్ఖానాలు పోలీసులకు పట్టుబడుతూనే ఉన్నాయి. అయితే, ఆ కార్ఖానా నడిపేవాడికీ, సాధన కోసం తన డొక్కలను తానే నింపుకునే మా మేనల్లుడికీ చట్టంలో వర్తించేది ఒకే వాక్యమన్న సంగతి గమనార్హం.

మన ఆయుధ చట్టాలకు చరిత్ర ఉన్నది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో వచ్చిన చట్టం భారతీయుని చేతిలో ఆయుధం ఉండరాదన్న భయంతో పుట్టింది. దాని స్థానంలో స్వతంత్ర భారతం తెచ్చుకున్నదే 1959 చట్టం. 1962 అక్టోబరులో అమలులోకి వచ్చింది. నూతన గణతంత్రానికి గురి క్రీడ అంటే వ్యతిరేకత లేదు. జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు మరెవరో కాదు, లోక్‌సభకు తొలి స్పీకరైన మావలంకర్‌గారే. బికనీర్ నుంచి 1952 మొదలు 1977 వరకు లోక్‌సభలో కూర్చున్న కర్ణీసింగ్ 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీలలో రజతం తెచ్చారు. ఢిల్లీ తుగ్లకాబాద్‌లోని షూటింగ్ రేంజికి ఆయన పేరే పెట్టారు. ఈ క్రీడకు సభలో ఒకనాడు సొంత మనుషులు ఉండేవారు.

ఇంతకూ ఈ మర అవసరం ఎవరికి? ఒలింపిక్ పతకాల మాటకు వస్తే దీనికి చోటు లేదు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది గాలి తుపాకీతో. మనూ భాకర్ 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది గాలి పిస్తోలుతో. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్తోలులో వాడేది పాయింట్ 22 తూటా. దాని ప్రైమరు మందు డొక్క అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలిన తరువాత ఆ డొక్క నింపడానికి పనికిరాదు. తిరిగి నింపగలిగేది సెంటర్ ఫైర్ తూటాలనే. కనుక అవసరం చిన్నది. కానీ చిన్నది అయినంత మాత్రాన లేనట్టు కాదు. గురి అభ్యాసం మీద ఆధారపడుతుంది. అభ్యాసానికి తూటాలు కావాలి. తూటాల ధర, అవి దొరకడంలోని ఇబ్బంది చిన్న ఊళ్ళ క్రీడాకారుని వెనక్కు లాగుతాయి. 2020 ఫిబ్రవరిలో హోం శాఖ క్రీడాకారుల తూటాల పరిమితిని పెంచింది. మంచిదే, అయితే పరిమితి పెరిగినంత మాత్రాన జేబు బరువు పెరగదు గదా!

అలాగని తలుపులు బార్లా తీయమనేవారితో నేను ఏకీభవించను. అందుకు కారణాలు రెండు.

మొదటిది భద్రత. పిస్తోలు తూటాలో చాలాసార్లు మందు డొక్క సగం కూడా నిండదు. కనుక పొరపాటున రెండుసార్లు పడినా గుండు యథాతథంగా కూర్చుంటుంది. బయటికి ఏమీ తెలియదు. పేల్చినప్పుడు మాత్రం పిస్తోలు చేతిలోనే పగలవచ్చు. మందు అసలే పడకపోతే ప్రైమరు బలానికి గుండు గొట్టంలో సగం దూరం వెళ్ళి ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది. ఈ రెండు తప్పులూ సాధారణంగా జరిగేది, ఎవరో పిలిచి మధ్యలో పని ఆగినప్పుడే. అందుకే బాధ్యత ఎరిగినవారు పని ఆగితే పళ్ళెం మీద ఉన్నవాటిని తీసివేసి మళ్ళీ మొదలుపెడతారు. ప్రతి డొక్కలోకీ దీపం వెలుగులో కంటితో చూస్తారు. కొన్నింటికి ఒకసారి మందును తూకం వేస్తారు. బల్ల మీద ఒకే రకం మందు ఉంచుతారు. తయారీదారులు ప్రచురించిన కొలతలు దాటరు. కళ్ళద్దాలు పెట్టుకుంటారు, సీసం ముట్టిన చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టరు. డాలస్‌లో ఇంటికి దూరంగా ఉన్న గ్యారేజీలో ఇవన్నీ సాధ్యం కావచ్చు. గోడకు గోడ ఆనుకొని, వంటింటి పక్క గదిలో పిల్లలు చదువుకునే బాగ్‌బేరా ఇంట్లో ఎలా సాధ్యం?

రెండవ కారణం ఇంకా బరువైనది. నాటు తుపాకీ చేయడానికి ఒక లేతు చాలు. నమ్మకమైన తూటా దొరకడమే కష్టం. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్‌లో ఇనుమును కోరిన ఆకారానికి తెచ్చే చిన్న పరిశ్రమలు ఎన్నో ఉన్నాయి. ఆ కార్మికుల నైపుణ్యం దేశానికి సంపద. కానీ మందూ, ప్రైమర్లూ ఇంటింటికీ చేరే రోజు వస్తే, తుపాకీ చేయగలిగినవాడికి అడ్డుగా ఉన్న ఆ ఒక్క గోడ కూలిపోతుంది. ఇళ్ళలోని సామాను దొంగల పాలు కాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అటు నిషేధం ఒక్కటే చాలదు, ఇటు గ్యారేజీ స్వేచ్ఛ పనికిరాదు. మధ్యే మార్గం జంషెడ్‌పూర్‌లోనే కనబడుతున్నది. ఆ ఊళ్ళో 1996 నుంచి టాటా ఆర్చరీ అకాడమీ నడుస్తున్నది. ఖరీదైన విల్లును, శిక్షకుణ్ణి, మైదానాన్ని ఒక సంస్థ సమకూర్చింది గనుకనే పేదింటి పిల్లలు కూడా గురి నేర్చుకోగలిగారు. తూటాల విషయంలోనూ అదే న్యాయం వర్తించాలి. గుర్తింపు పొందిన రైఫిల్ సంఘం రేంజిలో, రాష్ట్రానికి ఒకటో రెండో మరలు ఉండనివ్వండి. లైసెన్సు సంఘం పేరిట, బాధ్యత శిక్షణ పొందిన ఆర్మరర్ పేరిట ఉండాలి. ఎన్ని డొక్కలు వచ్చాయి, ఎన్ని తూటాలు వెళ్ళాయి అన్న లెక్క పుస్తకంలో ఉండాలి. నింపిన తూటా రేంజి గేటు దాటరాదు. హోం శాఖ, క్రీడల శాఖ, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తేలే పని ఇది.

క్రీడాకారులు పిడికెడు మంది, వారి కోసం ఇంత తంటా ఎందుకని ఢిల్లీలో ఒక విశ్రాంత అధికారి నన్ను అడిగారు. పిడికెడు మందే గనుక పని సులువు అన్నాను. పైగా, నిజాయితీపరునికి రాజమార్గం మూసివేసి ఊరుకుంటే, వాడు పెట్టెలో సర్దిన మర వైపు చూస్తాడు. ఏడేళ్ళ జైలు ఆ చూపునకు ఎంత దూరంలో ఉన్నదో వాడికి తెలియదు. ఆ సంగతి చట్టం చెప్పలేదు. నిర్వచనాల అడుగున దాచిపెట్టింది.

మేనల్లునికి ఫోను చేసి చదివినదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత అన్నాడు: "అన్నయ్యకు ఈ రాత్రే వద్దని చెప్పేస్తాను, మావయ్యా. కాని మీరు చెప్పిన ఆ సంఘం మర ఎప్పుడు వస్తుంది?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ప్రశ్నోత్తరాల సమయంలో దాన్ని మంత్రిగారి ముందు ఉంచగల అవకాశం జంషెడ్‌పూర్ సభ్యునికీ, మన తెలుగు సభ్యులకూ ఉన్నది. అడిగితే నేను గ్యాలరీలో కూర్చుని జవాబు వ్రాసుకుంటాను. మేనల్లునికి చదివి వినిపిస్తాను.