పాత ట్రాక్టరుకు రేడియేటరు దొరకదా?

"ఆ మోడలు ఆపేశారు, రేడియేటరు రాదు." పాత ట్రాక్టరున్న చిన్న రైతుకు విడిభాగాల షాపులో దొరికే జవాబిది. ఇంజను బాగానే ఉంది, గేర్లూ బాగానే ఉన్నాయి. నీళ్లు కారే ఒక్క రేడియేటరు కోసం బండిని పాత ఇనుముకు వేసి కొత్తది కొనుక్కోమంటారు! అప్పు కాగితాలు మాత్రం అక్కడే సిద్ధంగా ఉంటాయి. దమ్ము రోజుల్లో బండి ఆగితే డ్రైవరు కూలీ పోతుంది, నాట్లకొచ్చిన కూలీలు గట్టుమీద కూర్చోవాలి. ఈ నష్టం ఏ కంపెనీ లెక్కల్లోనూ ఉండదు.

తొందరపడి బండి అమ్ముకోవద్దని మేమంటాం. పాత రేడియేటర్లు చాలావరకు రాగి, ఇత్తడివి. టంకం పని తెలిసినవాడు పైతొట్టి, కిందితొట్టి ఊడదీసి మధ్యలో కొత్త కోరు వేయగలడు. అదీ కుదరకపోతే వేరే బండిది కొలిచి చూడాలి. కోరు ఎత్తు, వెడల్పు, మందం, గొట్టాల లావు, అవి ఏ పక్కన ఉన్నాయి, మూత ఎంత ఒత్తిడిది - అన్నీ చూసుకోవాలి. పాతదానికన్నా చిన్న కోరు మాత్రం పెట్టొద్దు; ఖాళీ బండికి సరిపోయినట్టే ఉంటుంది, దమ్ములో దిగితే ఇంజను కాగిపోతుంది.

2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల కోసం చట్టమే చేసింది. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు కంపెనీలు రైతులకు ఇవ్వాలంది. మోడలు ఆపినా కొన్నేళ్లపాటు విడిభాగాలు అమ్మాలని, ఆ తర్వాత కొలతల నమూనాలు మెకానిక్కులకు ఇచ్చెయ్యాలని ఇక్కడి రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి అడగాలి.