పార్శిల్ మీద బార్‌కోడ్ ఎవరి పేరున ఉంది?



ఈసారి పోడు పట్టాల గురించి కాదు, పార్శిల్ మీద అంటించే నల్ల గీతల కాగితం గురించి రాస్తున్నాను. "ఇదేం ఉద్యమ విషయం తమ్ముడూ?" అని కొందరు అనొచ్చు. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

మన మన్యంలో సంఘాలు ఇప్పుడు పసుపు, తేనె, రాజ్మా, కాఫీ పొడి, కొండ చీపుర్లు నేరుగా పట్నాలకు పంపుతున్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2018లో మొదలైన వన్‌ధన్ పథకం లెక్క ప్రకారం ఒక్కో కేంద్రానికి 15 సంఘాలు, 300 మంది సభ్యులు. సంతలో షావుకారి కాటా మీద పెట్టి, ఆయన చెప్పిన తూకానికి తలూపి వచ్చే రోజులు కొంచెం కొంచెంగా పోతున్నాయి. మంచిదే. కానీ సంత దాటి బయటికి వెళ్లే ప్రతి పొట్లానికీ ఇప్పుడు ఒక నంబరు కావాలి. ఆ నంబరు లేకపోతే పార్శిల్ కదలదు.

పోస్టాఫీసుల్లో ఏం మారిందో క్లుప్తంగా చెప్తాను. 2025 ఆగస్టు నాటికి దేశంలోని పోస్టాఫీసులన్నీ ఏపీటీ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాయి. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్టుకు కొత్త రేట్లు వచ్చాయి. ఐదు రూపాయలు, దాని మీద జీఎస్టీ ఎక్కువ కడితే ఓటీపీ చెప్పినవాళ్లకే కవరు ఇచ్చే పద్ధతీ వచ్చింది. ఎక్కువ పార్శిళ్లు పంపేవాళ్లను బార్‌కోడ్ ముందే అంటించుకుని, చిరునామాల జాబితా ఫైలుగా ఇవ్వమంటున్నారు. ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల దగ్గరైతే ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కౌంటర్ దగ్గర స్కెచ్ పెన్నుతో అడ్రసు రాసిచ్చి వచ్చేసే కాలం అయిపోతోంది.

ఇక్కడే దళారీ మళ్లీ వస్తాడు. ఈసారి కాటా పట్టుకుని రాడు, లాప్‌టాప్ పట్టుకుని వస్తాడు. "మీకెందుకమ్మా ఈ తలనొప్పి, నా అకౌంట్ మీద పంపేద్దాం, పార్శిల్‌కు ఇంత ఇవ్వండి చాలు" అంటాడు. వినడానికి బాగుంటుంది. ఆ మాట వెనకాల ఏముందో చూడండి.

పార్శిల్ మీద బార్‌కోడ్ ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో, పంపినవాళ్లు ఆఫీసు లెక్కలో వాళ్లే. సరుకు పండించింది మీరు, ఎండబెట్టింది మీరు, పొట్లం కట్టింది మీరు. రికార్డులో పంపింది మాత్రం ఆయన. పార్శిల్ పోతే ఫిర్యాదు చేసే హక్కు ఆయనది. నష్టపరిహారం వస్తే ఆయన ఖాతాలో పడుతుంది. కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ ఊరికి ఏ నెలలో ఎన్ని కిలోల పసుపు పోయింది, ఇదంతా ఆయన దగ్గర ఉంటుంది. రెండేళ్ల తర్వాత మీరు బ్యాంకుకు వెళ్లి "మేం ఇంత వ్యాపారం చేశాం, లోను ఇవ్వండి" అంటే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు. ఆయన మాత్రం అదే జాబితాతో ఇంకో ఊరి పసుపు అమ్ముకోగలడు.

1/70 చట్టం ఉన్నా భూమి బినామీ పేర్లతో ఎలా చేతులు మారిందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ కాగితం మీద మన పేరు, పంట వాళ్లది. ఇక్కడ పంట మనది, కాగితం మీద పేరు వాళ్లది. ఏజెంటు సాయం తీసుకోవద్దని నేను అనడం లేదు. లేబుల్ ప్రింటు తీసినందుకు, ఫైలు ఎక్కించినందుకు కూలి ఇవ్వండి, తప్పులేదు. అకౌంట్ మాత్రం సంఘం పేరు మీద ఉండాలి, డబ్బు సంఘం ఖాతాలోకి రావాలి. కొత్తగా చేరే బల్క్ కస్టమర్లకు స్పీడ్ పోస్టులో 5 శాతం తగ్గింపు ఇస్తామని ప్రకటించారు కూడా. ఆ తగ్గింపు ఏజెంటు జేబులోకి ఎందుకు పోవాలి?

ఇంకొక చిన్న విషయం, కానీ పెద్ద దెబ్బ కొడుతుంది. ఆ అకౌంట్‌కు ఏ ఫోన్ నంబరు ఇచ్చారు? చాలాచోట్ల సంఘంలో చదువుకున్న ఒక కుర్రాడి నంబరు ఇస్తారు. ఆ కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు, సిమ్ మారుస్తాడు. ఓటీపీ రాదు, అకౌంట్ తెరుచుకోదు, పండగ సీజన్‌లో పార్శిళ్లు గదిలోనే ఉండిపోతాయి. సంఘానికి విడిగా ఒక సిమ్ తీసుకోండి. దాన్ని అధ్యక్షురాలి దగ్గర ఉంచండి. కనీసం ఇద్దరు అక్కలకు అకౌంట్ తెరవడం వచ్చి ఉండాలి. ఇది కుర్రాళ్లకే వచ్చే విద్య అనుకోవడం మానేద్దాం. డ్వాక్రా పుస్తకాలు ఇన్నేళ్లు రాసినవాళ్లకు ఈ ఫైలు ఒక లెక్కా?

ఇక పని సంగతి. బార్‌కోడ్ అంటే రెండు రకాలని చాలామందికి తెలియదు. తేనె సీసా మీద ఉండేది సరుకు బార్‌కోడ్, 13 అంకెలు. జీఎస్1 ఇండియాలో నమోదైన కంపెనీలకు అది 890తో మొదలవుతుంది. దుకాణంలో బిల్లు కొట్టడానికి పనికొస్తుంది, పార్శిల్ ఎక్కడుందో చెప్పదు. పార్శిల్ బార్‌కోడ్ వేరు. పోస్టుదైతే రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. ఆ తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటినీ హెచ్చవేసి కూడితే వచ్చే తనిఖీ అంకె. చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పినా కంప్యూటర్ పట్టేస్తుంది. ఒక నంబరు ఒక్క పార్శిల్‌కే. జిరాక్స్ తీసి రెండు డబ్బాలకు అంటిస్తే రెండూ ఇరుక్కుంటాయి. "చవగ్గా బార్‌కోడ్ ఇప్పిస్తా" అని ఎవరైనా వస్తే ముందు అడగండి, ఈ రెండింట్లో ఏదయ్యా నువ్విచ్చేది అని. సరుకు బార్‌కోడే అంటే, ఆ నంబరు జీఎస్1లో ఎవరి పేరున నమోదైందో చూడండి. అక్కడ ఇంకో కంపెనీ పేరు కనిపిస్తే దండం పెట్టి పంపేయండి.

మనకు అట్టపెట్టెలు దాచుకుని మళ్లీ వాడే అలవాటు ఉంది. మంచి అలవాటే. కానీ పాత లేబుల్ అలాగే ఉంటే మెషిన్ దాన్నే చదువుతుంది, మీ పసుపు ఎటో పోతుంది. పాతది పీకేయండి, ఊడకపోతే మార్కర్‌తో పూర్తిగా నల్లగా కొట్టేయండి. కొత్తది అట్ట మడత మీద, అంచు మీద అంటించొద్దు, బల్లపరుపుగా ఉన్నచోట అంటించండి. గీతలకు రెండు పక్కలా కొంచెం తెల్ల జాగా వదలాలి. మెరిసే టేపు గీతల మీదుగా పోకూడదు, లైటు పడి స్కానర్‌కు కనపడదు. ఇంక్ ప్రింటర్ లేబుల్ మన వానలకు కారిపోతుంది. థర్మల్ లేబుల్ వానకు కొంత తట్టుకుంటుంది గానీ ఎండలో పెడితే పాడవుతుంది, నూనె చేతులు తగిలినా చెరిగిపోతుంది. తేనె పంపేవాళ్లు సీసాను ముందు ప్లాస్టిక్ కవర్లో కట్టి, తర్వాత పెట్టెలో పెట్టండి. ఒక్క సీసా కారితే దాని పక్కనున్న వాళ్ల లేబుళ్లు కూడా పోతాయి.

చీపుర్లు, అడ్డాకుల విస్తర్లు పంపేవాళ్లు తూకం దగ్గర జాగ్రత్త. చాలా కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తాయి. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. మీటరు పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు ఉన్న చీపుర్ల పెట్టె ఈ లెక్కన 8 కిలోలు. కాటా మీద రెండు మూడు కిలోలే తూగొచ్చు. షావుకారి కాటాతో గొడవపడ్డవాళ్లం, ఈ కాటా లెక్క కూడా నేర్చుకుని, ఆ తర్వాతే ధర చెప్పండి.

అడ్రసు దగ్గర మనకు అసలు తంటా. పట్నంలో డోర్ నంబర్, వీధి పేరు ఉంటాయి. మనకు పంచాయతీకి పదీ పదిహేను గూడేలు, అన్నింటికీ ఒకే పిన్‌కోడ్. పోస్టల్ శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీతో కలిసి 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు 4 మీటర్లకు 4 మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి 10 అక్షరాలు, అంకెల గుర్తు ఇచ్చారు. మీ సంఘం గది ముందు నిలబడి ఫోన్‌లో మీ గుర్తు తీసుకోండి, లేబుల్ మీద పిన్‌కోడ్ పక్కన వేయండి. పిన్‌కోడ్ మాత్రం మానకూడదు, ఇది దానికి బదులు కాదు. గుర్తు ఇచ్చినంత మాత్రాన గూడేనికి రోడ్డు రాదని నాకూ తెలుసు. వాపసు వచ్చే పార్శిల్ పక్క గూడేనికి పోకుండా ఉంటే అదే పదివేలు.

ఊరి పేరు మాత్రం మనం పిలిచేలాగే రాయించండి. సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు తప్పుంటే ఫైలు ఎక్కించే అబ్బాయి "ఏదో ఒకటిలే" అంటాడు. ఏదో ఒకటి కాదు. ఆ తప్పు పేరే రేపు ఇంకో రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత ఆ పేరుతో ఊరే లేదంటారు.

అంతా మనమే సర్దుకోవాలా? కాదు. సిగ్నల్ లేని బ్రాంచి పోస్టాఫీసులో బుక్ చేసిన పార్శిల్ వివరాలు ఆలస్యంగా సర్వర్‌కు చేరితే, ఆ ఆలస్యం పంపినవాళ్ల మీద వేయకూడదు. బార్‌కోడ్ స్టిక్కర్ల కోసం అక్కలు బస్సెక్కి ఐటీడీఏ ఉన్న టౌనుకు రావాల్సిన పని లేకుండా మండల పోస్టాఫీసులోనే ఇవ్వాలి. ఫారాలు తెలుగులో కావాలి. శిక్షణ పెడితే ఒక పూట ప్రొజెక్టర్ వేసి ఫొటోలు దిగి పంపేయకుండా, ప్రతి అక్క చేతా ఒక పార్శిల్ బుక్ చేయించాలి. ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే వినతిపత్రంలో ఈ నాలుగూ రాస్తున్నాం. మీ మండలంలో స్టిక్కర్లు ఇస్తున్నారా, ఎవరు ఇస్తున్నారు, దానికి విడిగా డబ్బు అడిగారా, కింద కామెంట్‌లో రాయండి. మీ సంఘం అకౌంట్ ఇప్పటికే ఏజెంటు పేరు మీద ఉంటే పాత పార్శిళ్ల జాబితా మొత్తం ముందు అడిగి తీసుకోండి. అకౌంట్ మార్చే మాట ఆ తర్వాతే ఎత్తండి.