శ్రుతికి చప్పట్లు

కావ్యాన్ని ఆస్వాదించగల పాఠకునికి మన ఆలంకారికులు ‘సహృదయుడు’ అని పేరు పెట్టారు. పండితుడు అనలేదు, విమర్శకుడు అనలేదు. కవి హృదయంతో సమానమైన హృదయం కలవాడని ఆ మాటకు అర్థం. ఆ హృదయం పుట్టుకతో వచ్చేదా, సాధనతో అబ్బేదా అన్న ప్రశ్నను నేను ఏటేటా తరగతిలో చర్చిస్తూనే ఉన్నాను గాని, నాకు తృప్తి కలిగించిన సమాధానం అలంకారశాస్త్ర గ్రంథాలలో దొరకలేదు. 1971లో అమెరికాలో జరిగిన ఒక రాక్ సంగీత కచేరీలో దొరికింది. ఈ మాట వినగానే పెద్దలు కొందరు నొసలు ముడిచివేస్తారని ఎరుగుదును. వారు కొంచెం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

నిరుడు మా విద్యార్థి ఒకడు సెలవు చీటీ పట్టుకొని వచ్చాడు. బెంగుళూరులో పాత రాక్ పాటల కచేరీ ఉన్నదనీ, మిత్రులతో కలిసి ఆ రాత్రి అక్కడ గడపడానికి రెండు దినాల సెలవు కావాలనీ అందులో స్పష్టంగా వ్రాశాడు. అధ్యాపకుల గదిలో ఆ చీటీ చేతులు మారింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జ్వరమని వ్రాసి ఉంటే మారుమాట లేకుండా సంతకం చేసేవాళ్లం. నిజం వ్రాసినందుకు పరిహాసపాత్రుడయ్యాడు. అయినా వెళ్లి వచ్చాడు. “ఆ కేకల మధ్య రాత్రంతా నిలబడి ఏం విన్నావోయ్?” అని అడిగాను. “అంతా అర్థమైందని చెప్పలేను సార్. కాని ఇన్నాళ్లూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒక్కణ్ణే వినేవాణ్ణి. ఆ రాత్రి వేలమందితో కలిసి విన్నాను” అన్నాడు. మరునాడు ఒక చలనచిత్రం తెచ్చి ఇచ్చి, తీరిక ఉన్నప్పుడు చూడమని కోరాడు. అదే ‘కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’.

ఆ కచేరీ పుట్టుకకు కారణం వినోదం కాదు. 1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తుపాను ముంచెత్తి లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. 1971 మార్చి 25 రాత్రి అక్కడ సైనిక చర్య ఆరంభమైంది. ఆ సంవత్సరాంతానికి సుమారు కోటిమంది నిరాశ్రయులు సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చారు. పండిత రవిశంకర్ పూర్వులది తూర్పు బెంగాలే. ఆయన గురువు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ స్వస్థలమూ ఆ గడ్డే. ఆ వేదన భరించలేక రవిశంకర్ తన శిష్యుడూ మిత్రుడూ అయిన జార్జ్ హారిసన్‌ను సాయం కోరాడు. బీటిల్స్ బృందంతో లోకప్రసిద్ధుడైన హారిసన్ కొద్ది వారాలలోనే తోటి కళాకారులను కూడగట్టాడు. 1971 ఆగస్టు 1, ఆదివారం నాడు న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు సభలు జరిగాయి. రెండింటికీ కలిపి సుమారు 40,000 మంది శ్రోతలు వచ్చారు. రింగో స్టార్, బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, బిల్లీ ప్రెస్టన్, లియోన్ రస్సెల్ మొదలైనవారు పారితోషికం ఆశించకుండా పాల్గొన్నారు.

అయితే నా ప్రశ్నకు సమాధానం వారి పాటలలో కాదు, వాటికి ముందు దొరికింది. సభ హిందూస్తానీ సంగీతంతో ఆరంభమైంది. సితారుపై రవిశంకర్, సరోద్‌పై ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్, తబలాపై ఉస్తాద్ అల్లా రఖా, తంబూరాపై కమలా చక్రవర్తి కూర్చున్నారు. తమ సంగీతానికి కొంత ఏకాగ్రత, కొంత సహనం అవసరమని రవిశంకర్ శ్రోతలకు విన్నవించాడు. వాయిస్తున్నంతసేపు పొగ త్రాగవద్దని కోరాడు. పిమ్మట కళాకారులు వాద్యాలను శ్రుతి చేసుకొన్నారు. అది ముగియగానే సభాభవనం చప్పట్లతో మారుమ్రోగిపోయింది. తాము విన్నది సంగీతమేననీ, ఒక అంశం పూర్తయిందనీ ఆ యువకులు భావించారు! రవిశంకర్ చిరునవ్వుతో కృతజ్ఞతలు చెప్పి, శ్రుతి చేయడమే ఇంతగా నచ్చినవారికి వాదనం మరింత నచ్చుతుందని ఆశిస్తున్నానన్నాడు. తరువాత బెంగాలీ జానపద బాణీని ఆధారం చేసుకొని సితారు, సరోద్ జుగల్బందీ సాగింది.

ఈ ముచ్చటను చెప్పుకొని నవ్వేవారు ఎందరో ఉన్నారు. మొదట నేనూ నవ్వాను. ‘వీళ్లా సంగీతం వినేది!’ అనుకొన్నాను. కాని అదే ఘట్టాన్ని మరొకసారి చూసినప్పుడు నా నవ్వు నాకే నచ్చలేదు. ఆ శ్రోతలలో అత్యధికులు డిలన్ కోసం, హారిసన్ కోసం వచ్చినవారు. తమకు తెలియని వాద్యాలు, తెలియని భాష, తెలియని పద్ధతి. విసుగుతో లేచిపోవచ్చు, అల్లరి చేయవచ్చు. అలా చేయలేదు. నిశ్శబ్దంగా విన్నారు, తమకు తెలిసిన రీతిలో గౌరవం చూపించారు. ఆ చప్పట్లు తప్పు సమయంలో వచ్చినవే గాని తప్పు మనసుతో వచ్చినవి కావు. రవిశంకర్ గొప్పతనం కూడా ఇక్కడే ఉన్నది. అజ్ఞానాన్ని ఎత్తిపొడవలేదు, అట్లని పొగడి మభ్యపెట్టనూ లేదు. పొరపాటును చిరునవ్వుతో చూపించి వెంటనే అసలు సంగీతం వినిపించాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇంతకు మించిన బోధనాపాఠం వేరే లేదని నా విశ్వాసం.

ఇట్టి పొరపాట్లకు మనం అతీతులమా? నా సంగతే చెబుతాను. నేను ముసల్మానును, ఇంట్లో దక్కనీ మాట్లాడి పెరిగాను, చదివింది మాత్రం తెలుగు సాహిత్యం. ఈ ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ముషాయిరాకు వెళ్లాను. కవి మొదటి మిస్రా చదవగానే మైమరచి చప్పట్లు కొట్టాను. చుట్టూ ఉన్నవారు తిరిగి చూశారు. పక్కనే కూర్చొన్న ఉర్దూ శాఖ పెద్దాయన నా భుజం తట్టి, “జనాబ్, షేర్ ఇంకా సగమే అయింది” అన్నారు మెల్లగా. మొదటి మిస్రాను కవి మళ్లీ చదువుతాడనీ, రెండవ మిస్రాలోగాని భావం విప్పుకోదనీ, పూర్వ సంప్రదాయంలో ప్రశంస నోటిమాటతోనే గాని చేతులు చరిచి కాదనీ ఆ రాత్రి ఆయనే నేర్పారు. పేరు చూచి నాకు ఇవన్నీ తెలిసి ఉంటాయని అందరూ అనుకొంటారు. తెలియవన్న సిగ్గుతో నేను ఆనాడే లేచి వచ్చి ఉంటే గజల్ మాధుర్యం నాకు ఈ జన్మకు దక్కేది కాదు.

మరికొన్నాళ్లకు ఆ పెద్దాయననే నేను పౌరాణిక నాటకానికి తీసుకొని వెళ్లాను. పద్యం ముగిసిన తరువాత నటుడు తీసే దీర్ఘమైన రాగాన్ని విని ఆయన “వాహ్, వాహ్! పద్యమంటే ఇదీ!” అన్నారు. పద్యం అంతకు ముందే అయిపోయిందని చెప్పవలసిన వంతు ఈసారి నాదయింది. ఇద్దరమూ మనసారా నవ్వుకొన్నాం. న్యూయార్కులో శ్రుతికి చప్పట్లు కొట్టిన యువకులకూ, మా ఇద్దరికీ భేదమేమున్నది?

రాక్ సంగీతంపై పెద్దలకు గల ఆక్షేపణలను తేలికగా కొట్టివేయాలన్నది నా అభిమతం కాదు. అది కేవలం చప్పుడు అంటారు. శబ్దతీవ్రత ఎక్కువన్నది నిజమే. చెవులకు హాని కలిగేంత ఎక్కువైతే తగ్గించవలసిందే. కాని పెద్దగా వినిపించినంత మాత్రాన సంగీతం కాకుండా పోదు. మన పంచవాద్యాలు, డప్పులు, పెండ్లిబాజాలు మృదువుగా మ్రోగుతాయా? అలవాటైన చప్పుడు మనకు మంగళంగా తోస్తుంది. అలవాటు లేని మంగళం చప్పుడుగా తోస్తుంది. ఇక ఆ సభలలో మత్తుపదార్థాలు, విశృంఖలత్వం చోటు చేసుకొంటాయన్నది రెండవ ఆక్షేపణ. ఇందులో సత్యం ఉన్నది. 1967లో అమెరికాలోని మాంటెరే సంగీతోత్సవంలో జిమీ హెండ్రిక్స్ వేదికపైనే తన గిటారుకు నిప్పుపెట్టడం వాద్యాన్ని పూజ్యవస్తువుగా భావించే రవిశంకర్‌ను తీవ్రంగా బాధించింది. కాని ఆయన ఆ శ్రోతలను శాశ్వతంగా వెలివేయలేదు. నాలుగేళ్ల తరువాత వారివంటి శ్రోతల ముందే కూర్చొని, పొగ త్రాగవద్దని మర్యాదగా కోరాడు. నిషేధించడంకంటె మర్యాద నేర్పడం కష్టం. కాని నిలిచేది అదే.

సూఫీలు ‘సమా’ అని పిలిచే సంగీత శ్రవణం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. దానిని అంగీకరించిన సూఫీలు సైతం నియమం లేకుండా అంగీకరించలేదు. సరియైన కాలం, సరియైన స్థలం, సరియైన సహచరులు — ఈ మూడూ ఉండాలని జునైద్ బగ్దాదీ చెప్పినట్లు ఇమాం గజాలీ పేర్కొన్నారు. గాయకుని ప్రతిభతోపాటు వినేవారి నడవడిని కూడా వారు లెక్కలోకి తీసుకొన్నారన్నమాట. మన విద్యార్థి ఏ కచేరీకి వెళ్లినా ఈ మూడింటినీ తూచుకొని వెళ్తే అతని తల్లిదండ్రులు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోవచ్చు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బరువైనది. లోకంలో ఇందరు బాధపడుతూ ఉండగా ఒక రాత్రి ఆటపాటలతో ఆనందించడం న్యాయమా అని. ఈ కచేరీ అందుకు ఒక సమాధానం. ప్రవేశ రుసుముల ద్వారా 2,43,000 డాలర్లకు పైగా వసూలై యూనిసెఫ్ సంస్థకు చేరాయి. రికార్డులు, చలనచిత్రం వల్ల వచ్చిన ఆదాయం అంతకు ఎన్నో రెట్లు. బంగ్లాదేశ్ అన్న పేరు అమెరికా యువకుల నోట నిలిచింది. ఆనందమూ, కరుణా ఒకే పందిరి క్రింద కూర్చోగలవని ఆ రాత్రి నిరూపణ అయింది.

కాని ఇక్కడే మరొక సంగతిని దాచకుండా చెప్పవలసి ఉన్నది. పన్ను మినహాయింపుకు కావలసిన ఏర్పాట్లు ముందుగా చేసుకోనందున రికార్డులు, చలనచిత్రం తెచ్చిన సొమ్ములో పెద్ద భాగం అమెరికా పన్నుల శాఖ చిక్కుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఆకలి మాత్రం ఎవరి కోసమూ నిలిచిపోలేదు. పాడినవారి ఉద్దేశంలో లోపం లేదు. విన్నవారి ఔదార్యంలో లోపం లేదు. లోపమల్లా మంచి ఉద్దేశానికీ, మంచి ఫలితానికీ మధ్య చేయవలసిన శ్రమలో ఉన్నది. నాకు మళ్లీ ఆ చప్పట్లే గుర్తుకు వచ్చాయి. సద్భావం శ్రుతి వంటిది. అది కలియనిదే ఏ పాటా లేదు. కాని అది కలిసినంతనే పాట పూర్తయిందని చప్పట్లు కొట్టి లేచిపోతే, వినవలసినది వినకుండానే పోతుంది.

మన కళాశాలలో ఒకే చూరు క్రింద రెండు భాషలు ఉన్నాయి. వార్షికోత్సవం నాడు ఉర్దూ కవితలు చదివే సమయానికి తెలుగు విద్యార్థులు బయటికి వెళ్తారు. తెలుగు పద్యాలు ఆరంభం కాగానే ఉర్దూ విద్యార్థులు టీ త్రాగడానికి వెళ్తారు. ప్రక్కప్రక్కనే కూర్చొన్న ఫోటో మాత్రం ప్రతి సంచికలోనూ అచ్చవుతుంది. అది శ్రుతి మాత్రమే మిత్రులారా, పాట కాదు. వచ్చే ఉత్సవంలో ఒక్క రాత్రి మీకు రాని భాషలో జరిగే సభలో చివరివరకు కూర్చోండి. తప్పుచోట చప్పట్లు కొట్టినా ఫరవాలేదు. పక్కవాడు సరిదిద్దితే సిగ్గుపడకండి. పక్కవాడు తప్పుచేస్తే ఎగతాళి చేయకండి. సహృదయుడు పుట్టుకతో తయారయ్యేవాడు కాడు. తెలియని సంగీతం ఎదుట ఓపికతో కూర్చొన్న ప్రతివాడూ ఆ దారిలో కొంత దూరం నడిచినవాడే.

ఇక నా వంతు ఒకటి మిగిలి ఉన్నది. కచేరీకి వెళ్తానని నిజం వ్రాసిన సెలవు చీటీ ఈసారి ఎవరు తెచ్చినా, నవ్వకుండా చదివి, ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు తిరిగి వస్తావని అడిగి సంతకం చేస్తాను. తిరిగి వచ్చిన తరువాత ఏం విన్నాడో కూర్చోబెట్టి చెప్పించుకొంటాను.