యంత్రం కాపలా కాస్తుంది సరే, లెక్క ఎవరికి చెబుతుంది?

మన జిల్లాలో నీళ్ళ మాట లేకుండా ఇద్దరు రైతులు మాట్లాడుకోరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు పేరుకైనా పెన్న ఉంది. పులివెందుల పక్క అరటి, చీనీ తోటలకు చాలావరకు బోరే దిక్కు. అక్కడే, వేముల మండలం తుమ్మలపల్లెలో, 2012 నుంచి యురేనియం కార్పొరేషన్ శుద్ధి కర్మాగారం నడుస్తోంది.

జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని గంధకామ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెది డోలమైటు, సున్నపు జాతి రాయి. ఆమ్లం పోస్తే ఆ రాయే అంతా తాగేస్తుంది. అందుకే ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ వేసి, వేడితో, ఒత్తిడితో కరిగిస్తారు. మిగిలిన బురద కె.కె. కొట్టాల దగ్గరి చెరువుకు పోతుంది.

చిక్కంతా ఇక్కడుంది. ఆమ్లపు నీళ్ళలో సున్నం కలిపితే చాలా లోహాలు అడుక్కు దిగుతాయి. కార్బొనేట్ ఉన్న క్షారపు నీళ్ళలోనో, యురేనియం దాంతో జతకట్టి కరిగే ఉంటుంది. పైగా సోడియం ఎక్కువైన నీళ్ళు పారితే నల్లరేగడి బిగుసుకుపోయి, నీళ్ళు ఇంకవు.

ఇట్లాంటి నీటిని శుద్ధి చేసేందుకు యంత్రాలు రావలసిందే. పి.హెచ్., ప్రవాహం, విద్యుద్వాహకత కొలిచి మందు మోతాదును తనే సరిచేసుకునే పంపుకు నిద్ర రాదు, మొహమాటం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే 17 రకాల పరిశ్రమలను ఆన్‌లైన్ మీటర్లు పెట్టమంది. మంచిదే. కానీ ఆ మీటరు చూసేది గొట్టం చివరి నీటిని. చెరువు అడుగున ఇంకే నీటిని ఎవరు చూడాల? పి.హెచ్. మీటరుకు యురేనియం కనపడదు గదా!

చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు చెడినాయన్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంజాయిషీ నోటీసిచ్చింది. సంస్థ ఆరోపణలను కాదంది. యురేనియం ఉన్న రాతి నేలలో అది సహజంగానే నీళ్ళలోకి రావచ్చుననేది శాస్త్రం ఒప్పుకునే మాటే. మరి ఏది ఎంతనేది తేలేదెట్లా? ఏళ్ళ తరబడి, తెగకుండా రాసిన లెక్కతోనే. అది లేనిచోట రైతు మాట ఏడుపుగానూ, సంస్థ మాట బుకాయింపుగానూ మిగిలిపోతాయి.

కాబట్టి చెరువు చుట్టూ పరిశీలన బావులు తవ్వి, నీటిమట్టం, విద్యుద్వాహకత తమంతట తామే నమోదు చేసే పరికరాలు దించాలి. ఉప్పు పెరిగితే అవే ముందుగా కేక వేస్తాయి. నెలనెలా యురేనియం పరీక్ష ప్రయోగశాలలో జరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. ఈ అంకెలన్నీ పంచాయతీ గోడమీద, తెలుగులో, అందరికీ కనపడాలి.

మనమూ చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. ఈ మూడు ఊళ్ళ కళాశాలల రసాయనశాస్త్ర విద్యార్థులం ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి బోర్ల నీళ్ళు తెచ్చి, సోడియం, సల్ఫేటు కొలిచి పుస్తకంలో రాయలేమా? ప్రాక్టికల్స్‌లో సీసా నీళ్ళు పరీక్షించే చేతులే ఇవి. సేద్యగాని బిడ్డ చదివిన సైన్సు సేద్యగాని బావి దాకా పోకపోతే, ఆ చదువు ఎవరి కోసం?