సాకెట్ మీది, వైరింగ్ ఓనర్‌ది.. మరి ఎర్తింగ్ ఎవరిది?

ప్లగ్గు పెట్టగానే బోర్డులో చిటపటమంటోందా? ఇస్త్రీ అయ్యాక సాకెట్ ముట్టుకుంటే వేడిగా తగులుతోందా? ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? సొంత ఇల్లయితే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. కిరాయి ఇంట్లో మాత్రం ‘ఖర్చు ఎవరు పెట్టుకోవాలి’ అన్న దగ్గరే ఆగిపోతారు. అది తేలేదాకా బోర్డుకు టేపు చుట్టి నెట్టుకొస్తుంటారు. కరెంటు షాక్‌తో దేశంలో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. పొలాల దగ్గర, స్తంభాల మీద జరిగే ప్రమాదాలూ ఇందులో ఉన్నాయి. అయితే ఇంట్లో బోర్డు దగ్గర పొంచి ఉన్న ప్రమాదాన్ని ముందే పసిగట్టడం మన చేతిలో ఉన్న పని.

సూర్యాపేట జిల్లా తిరుమలగిరినే తీసుకోండి. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ మండల కేంద్రం 2018లో మున్సిపాలిటీ అయింది. ఇలా ఊరు నుంచి పట్టణంగా మారిన చోట్ల పాత ఇళ్ల వైరింగ్ నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ కోసం వేసింది. ఇప్పుడు అవే పోర్షన్లలో గీజర్, ఇండక్షన్ స్టవ్, ఏసీ నడుస్తున్నాయి. ఇంట్లో సామాన్లు మారాయి కానీ గోడలో తీగ మారలేదు.

ముందు లెక్క చూడండి

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సరఫరా. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే అది తట్టుకునేది దాదాపు 1,380 వాట్లు. పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది, దాదాపు 3,680 వాట్ల దాకా మోస్తుంది. 2,000 వాట్ల గీజర్ గానీ ఇండక్షన్ స్టవ్ గానీ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. నీళ్లు కాచే 1,500 వాట్ల హీటర్ రాడ్ కూడా 6.5 ఆంపియర్లు దాటుతుంది. వీటిని కన్వర్టర్ ప్లగ్గుతో చిన్న సాకెట్‌కు తగిలిస్తే అది వేడెక్కక తప్పదు.

సాకెట్ నల్లబడితే కొత్తది బిగిస్తే చాలనుకోవద్దు. లోపలి వైరు సన్నదైతే పెద్ద సాకెట్ పెట్టడం ఇంకా ప్రమాదం. సాకెట్ తట్టుకున్నా, గోడలో వైరు కాలుతుంది. సాధారణంగా లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. మీ ఇంట్లో ఏ వైరు ఉందో ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి చూడండి.

పై రంధ్రంలో తీగ ఉందా?

మూడు రంధ్రాల సాకెట్‌లో పైనుండే పెద్ద రంధ్రం ఎర్తింగ్‌ది. గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీకి కరెంటు పాకితే దాన్ని భూమిలోకి పంపేది ఈ దారే. చాలా పాత ఇళ్లలో రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు. మామూలు టెస్టర్‌తో ఇది తెలియదు. టెస్టర్ ఫేజ్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడాలి. అక్కడ దాదాపు 230 రావాలి.

అక్కడితో కూడా పూర్తి భరోసా రాదు. కొందరు ఎర్తింగ్ తీగ లాగే పని తప్పించుకోవడానికి సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. మీటర్‌లో అంతా సరిగ్గా ఉన్నట్లే కనిపిస్తుంది. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అందుకే సాకెట్ విప్పించి, ఎర్త్ తీగ విడిగా ఉందో లేదో కళ్లారా చూడాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంకో ఇబ్బంది ఉంది. రాతి నేల, చల్కా నేల తేమను నిలుపుకోవు. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత ఎండిపోతే భూమిలోకి కరెంటు సరిగా దిగదు. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంతలో తర్వాత ఎవరూ నీళ్లు పోయకపోతే, ఎర్తింగ్ పేరుకు ఉన్నా పనికి ఉండదు.

బాధ్యత ఎక్కడిదాకా ఎవరిది?

స్తంభం నుంచి మీ మీటర్ దాకా డిస్కం బాధ్యత. దక్షిణ తెలంగాణలో అది టీజీఎస్పీడీసీఎల్. మీటర్ దాటాక లోపలిదంతా ఇంటివాళ్లదే. అందుకే గదిలో బోర్డు కాలిందని ఫోన్ చేస్తే ‘ప్రైవేటు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి’ అంటారు. అయితే లైట్లు ఒక్కసారిగా బాగా వెలిగి మళ్లీ డల్ అవుతున్నా, పక్కిళ్లలోనూ అదే జరుగుతున్నా, మీటర్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నా తప్పు బయటి లైన్లో ఉండొచ్చు. వెంటనే 1912కు ఫోన్ చేయండి. బిల్లు మీదున్న సర్వీసు నంబరు చెబితే చాలు. మీటర్ ఓనర్ పేరు మీద ఉన్నా ఫిర్యాదు మీరే చేయొచ్చు.

మీటర్ లోపల ఓనర్, కిరాయిదారుల మధ్య గీత ఎక్కడ? కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్ని జాబితాగా రాసింది. ఇంటి లోపలి, బయటి వైరింగ్, దాని నిర్వహణ ఓనర్ పని. స్విచ్‌లు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్ల రిపేరు కిరాయిదారు పని. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. అయినా బేరానికి కూర్చున్నప్పుడు మంచి కొలమానం.

చిక్కంతా ఇక్కడే. కాలిపోయిన సాకెట్ కిరాయిదారు ఖాతాలో పడుతుంది. అది ఎందుకు కాలిందన్నది మాత్రం వైరింగ్‌లో ఉంటుంది. ‘ఎర్తింగ్’ అన్న మాట ఆ జాబితాలో విడిగా లేదు. కానీ ఎర్తింగ్ తీగ గోడలో, గుంత ఓనర్ స్థలంలో ఉంటాయి. మీరు ఖాళీ చేసినా అవి అక్కడే ఉంటాయి. కాబట్టి దాన్ని వైరింగ్‌లో భాగంగా చూడటమే న్యాయం. సాకెట్ ఖర్చు మీరు పెట్టుకుంటామని, తీగ, ఎర్తింగ్ ఖర్చు ఓనర్ పెట్టాలని అడగండి. ఈ పంపకానికి చాలామంది ఒప్పుకుంటారు.

చట్టంలో మీకేముంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే బయటపడని లోపం ఓనర్‌కు తెలిసి ఉంటే ముందే చెప్పాలి. తాను చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, కిరాయిదారు చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు. ‘తాను చేయించాల్సిన’ అన్న మాటే ఇక్కడ కీలకం. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే అదే చెల్లుతుంది. అందుకే ‘వైరింగ్, ఎర్తింగ్ ఓనర్ బాధ్యత’ అని ఒక్క వాక్యం రాయించుకోండి.

అడిగితే కరెంటు కట్ చేస్తారన్న భయం కొందరిది. మున్సిపాలిటీల్లో వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, సరైన కారణం లేకుండా కిరాయిదారుకు ఉన్న సదుపాయాలు ఆపొద్దంటుంది. కొత్త ఇళ్లు, ఎక్కువ కిరాయి ఇళ్లు దీని పరిధిలోకి రావు. అయితే కరెంటు కనీస సదుపాయమని, ఓనర్ నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది.

ఇప్పుడు ఏం చేయాలి?

వేడెక్కే, వాసన వచ్చే సాకెట్‌ను ఈ రోజు నుంచే వాడొద్దు. దాని లైన్ ఎంసీబీ దించి పెట్టండి. ఫొటో, వీడియో తీయండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించి, లోపం ఏమిటో చీటీ మీద రాయించుకోండి. తర్వాత ఓనర్‌కు వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘నమస్తే సార్. వంటింటి బోర్డులో ఎర్తింగ్ లేదని ఎలక్ట్రీషియన్ చెప్పారు. ఫొటోలు పంపుతున్నాను. ఇంట్లో పిల్లలున్నారు. ఈ ఆదివారం లోపల చేయించగలరా? సాకెట్ ఖర్చు మేం పెట్టుకుంటాం.’ తేదీతో సహా ఇదే మీ నోటీసు.

ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అడగండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. అది 6 లేదా 16 ఆంపియర్లు దాటితేనే పడుతుంది. ప్రాణం తీయడానికి అందులో చిన్న వంతు కరెంటు చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషి ఒంట్లోంచి కరెంటు పారుతుంటే గుర్తించి కట్ చేస్తుంది. ఎర్తింగ్ బలహీనంగా ఉన్న ఇంట్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. అయితే ఇది ఎర్తింగ్‌కు బదులు కాదు. సాకెట్, వైరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. దాని లైసెన్స్ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తెలుస్తుంది.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ ఆపి, తర్వాత 108కు ఫోన్ చేయండి.

కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు నల్లా తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో చూస్తాం కదా. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. తాళం చెవి చేతికి రాకముందు అడిగిన రిపేరుకు ఓనర్లు తొందరగా ఒప్పుకుంటారు.